నెలకి ఆ నాలుగు రోజులు

ఇంకొంచెం గట్టిగా అనండి వదినా, పక్కగదిలో మిషన్లు తిరుగుతున్నాయి, సరిగ్గా వినపడలేదు. ఏమన్నారు? "కడుపు పండని దానికి ఇంత రోషం ఏమిటి" అనా?

అనండి, అనండి. నెల్రోజులైంది నన్నెవరూ ఆ మాట అని. అలవాటు తప్పిపోతోంది.

నిలబడే ఉన్నారేం? ఆ మూట మీద కూర్చోండి. మైలవి కాదులెండి, ఉతికినవే. లాడ్జి లాండ్రీ అంటే ఇంతే, కుర్చీలుండవు. పైన గదుల్లో పరిచే దుప్పట్లన్నీ ఇక్కడికే దిగుతాయి. సాయంత్రం లోపల మడతలు పెట్టి పంపకపోతే మేనేజరు మెట్ల మీద నించునే అరుస్తాడు. పని ఆపి మీతో మాట్లాడమంటే మాత్రం కుదరదు.

వద్దులెండి, కూర్చోవద్దు. ఆ చివర పట్టుకోండి. ఒక్కదాన్నే మడత పెడితే అంచులు కలవవు. ఆ, అలా. గట్టిగా లాగండి. మొహమాటమెందుకు, లాగడం మీకు బాగానే వచ్చు కదా.

ఏమిటీ, అలిగి వచ్చేశానా? అలకైతే మొగుడు వచ్చి బతిమాలితే తీరుతుంది వదినా. మీ తమ్ముడు, మీ బుజ్జి, వచ్చాడా? రాలేదు. మిమ్మల్ని పంపాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా బుజ్జే. ఏ మాటైనా సరే, మీ కొంగు చాటునుంచే చెప్తాడు.

ఆయన మీతో ఏం చెప్పాడో నాకు తెలుసు. "క్యాంపులకి ఎక్కువ వెళ్తున్నానని గొడవ పెట్టుకుని పోయింది" అన్నాడు కదూ? చూశారా, మీ మొహమే చెప్తోంది. అబద్ధం కాదు లెండి. క్యాంపులకి వెళ్తున్నాడనే గొడవ. ఎప్పుడెప్పుడు వెళ్తున్నాడో అది చెప్పలేదు, అంతే.

నేను చెప్తాను. దుప్పటి వదిలేయకండి.

పెళ్లై ఆరేళ్లు. పిల్లల కోసం చూడ్డం మొదలుపెట్టి నాలుగేళ్లు. మొదటి రెండేళ్లూ మీ శాస్త్రంలో పోయాయి, గుర్తుందా? "నెలసరి ఆగిన మర్నాడే అసలు సమయం, ఆ తర్వాత ఏం లాభం లేదు" అన్నారు. ముగ్గుర్ని కన్నారు కదా, మీకు తెలియకుండా ఉంటుందా అని నేనూ నమ్మాను. ఆ రోజు మీరు ఫోన్ చేసి మరీ గుర్తు చేసేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆ తర్వాత లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తీసుకెళ్లలేదని ఎప్పుడన్నాను? మీరే తీసుకెళ్లారు. నేను నోరు తెరిచేలోపు మీరే చెప్పారు, "మా మరదలికి లోపం ఉందండీ, చూడండి" అని. ఆవిడ చూసింది. స్కానింగు చేసింది, రక్తం తీసింది. ఏ లోపమూ లేదంది. మీ మొహం వాడిపోయింది చూడండి, అంత దిగులు నేను ఇంకెప్పుడూ చూళ్లేదు.

ఆవిడ ఎంత ఓపిగ్గా చెప్పింది! "అండం విడుదలయ్యాక ఒక్క రోజు బతికితే గొప్ప. మగవాళ్ల కణాలైతే లోపల మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు కూడా ఉంటాయి. అందుకని అండం వచ్చేసరికే అవి అక్కడ ఉండాలి. విడుదలకి ముందు రోజులే ముఖ్యం" అంది. "అంటే రైలొచ్చేలోపే స్టేషన్‌కి చేరాలన్నమాట" అన్నాను నేను. ఆవిడ నవ్వింది. మీరు నవ్వలేదు.

మీ మర్నాటి శాస్త్రం గురించి కూడా అడిగాను. "నెలసరి త్వరత్వరగా వచ్చే కొందరికి అప్పుడు కుదరొచ్చేమో గానీ, నీకు అది మరీ తొందర" అంది. రెండేళ్లు వదినా! రైలు లేని వేళ ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టారు నన్ను.

ఇంకో మాట కూడా అంది, అది మీ చెవికెక్కలేదు. "అన్నీ బాగున్నవాళ్లకి కూడా, సరైన రోజుల్లో కలిసినా, ఒక నెలలో నిలిచే అవకాశం నాలుగైదింట ఒక వంతే. ఒక నెల తప్పిందని దిగులు పడకండి. ఏడాది దాటింది కాబట్టి ఆయనకి కూడా పరీక్ష చేయిద్దాం. నిజానికి అదే సులువు" అంది. అప్పుడు మీరేమన్నారు? "మా వంశంలో ఆ లోపం లేదండీ" అన్నారు. పరీక్ష అక్కడే అయిపోయింది! డాక్టరు కలం మూసేసింది.

ఆ రెండో కొస కలపండి. ఆ, ఇప్పుడు ఇటు రండి నా దగ్గరికి.

అప్పట్నుంచి మూత్రంలో ముంచి చూసుకునే స్ట్రిప్పులు తెచ్చుకున్నాను. రెండో గీత మొదటి గీతంత ముదురుగా పడితే, ఒకటి రెండు రోజుల్లో అండం వస్తుందని గుర్తు. తెల్లబట్ట అవడం కూడా చూసుకోమంది డాక్టరు, గుడ్డులో తెల్లసొనలా సాగుతుందట ఆ రోజుల్లో. మొహం తిప్పుకుంటారేం? నాలుగేళ్లు నా కడుపు గురించి వీధి వీధంతా మాట్లాడారు, ఇప్పుడు సిగ్గొచ్చిందా?

నా నెల గడియారంలా నడుస్తుంది. ఇంకో వారంలో ఆ రోజులని ముందే తెలిసిపోయేది. తెలియగానే ఏం చేసేదాన్ని? పరిగెత్తుకెళ్లి మొగుడికి చెప్పేదాన్ని. "ఏమండీ, వచ్చే బుధవారం అటూ ఇటూ" అని. పిచ్చిదాన్ని. ఆయన తలూపేవాడు. మంగళవారానికల్లా బ్యాగు సర్దేసేవాడు. ఎక్కడో ఆస్పత్రిలో లిఫ్ట్ ఆగిపోయిందనేవాడు. ఇంకెక్కడో మూడో అంతస్తులో మనుషులు ఇరుక్కున్నారనేవాడు. నేను పాపం అనుకునేదాన్ని. లిఫ్ట్ మెకానిక్ కదా, వెళ్లక తప్పుతుందా? ఆయన దారిలో తినడానికి డబ్బా కూడా కట్టిచ్చేదాన్ని.

ఎన్ని నెలలు వదినా! నేనే కట్టి, నేనే పంపి, నేనే గుమ్మంలో నిలబడి చేయి ఊపాను.

ఎలా తెలిసిందా? వేసంకాలంలో ఈ లాడ్జి లిఫ్టే పాడైంది. ఆయన కంపెనీ సూపర్‌వైజరే వచ్చాడు బాగుచేయడానికి. నన్ను గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ ఇదిగో ఈ గుమ్మంలోకొచ్చాడు. "మీ ఆయనలాంటి మనిషి దొరకడమ్మా. బయటూరి పని అంటే అందరూ తప్పించుకుంటారు. ఆయన మాత్రం తనే వచ్చి, ఫలానా వారం నన్ను పంపండి అని అడిగి మరీ వెళ్తాడు" అన్నాడు. పొగుడుతున్నానని అనుకున్నాడు ఆ పెద్దమనిషి. నేను మంచినీళ్లిచ్చాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

నమ్మబుద్ధి కాలేదు. మీకూ కావట్లేదు కదా? నాకూ అంతే. అందుకే ఆ నెల అబద్ధం చెప్పాను. అసలు రోజులు ఈ వారమైతే, "వచ్చే వారమండీ" అన్నాను.

ఏం జరిగిందో వింటారా? ఆ అసలు వారమంతా మీ బుజ్జి ఇంట్లోనే ఉన్నాడు. ఎంత బాగున్నాడని! పొద్దున్నే లేచి టీ పెట్టాడు. వంటింటి గట్టు మీద కూర్చుని, లిఫ్టులో ఇరుక్కున్న లావుపాటి వకీలు కథ చెప్పి కడుపుబ్బ నవ్వించాడు. నా జడ లాగాడు. పెళ్లైన కొత్తలో ఉన్న మనిషే మళ్లీ వచ్చాడు. నా పక్కన పడుకోవడానికి ఆయనకి భయం లేకపోతే ఎలా ఉంటాడో, నాలుగేళ్లకి ఆ వారం చూశాను. దానికి ఏడవాలో నవ్వాలో చెప్పండి.

నేను చెప్పిన వారం రాగానే బ్యాగు సర్దాడు. "ఎక్కడ?" అన్నాను. "షాపింగ్ కాంప్లెక్సులో లిఫ్టు తీగ తెగింది" అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. తెగింది నిజమే లెండి, కాంప్లెక్సులో కాదు.

తిరిగొచ్చాక అడిగాను. బూట్లు విప్పుకుంటున్నాడు. సూపర్‌వైజరు చెప్పింది చెప్పాను, నేను చెప్పిన అబద్ధం చెప్పాను. ఒక బూటు చేతిలోనే ఉండిపోయింది.

"నాకు పిల్లలు వద్దు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ వద్దు."

"ఆ ముక్క నాతో అనొచ్చు కదా?"

"నీతో అంటే నువ్వు అక్కతో అంటావు. అక్క నన్ను బతకనిస్తుందా?"

ఆగండి. మధ్యలో అడ్డు రాకండి. మీరు వినాల్సింది ఇంకా ఉంది. అమ్మ పోతే మీరే పెంచారు ఆయన్ని, కాదనను. కానీ ఆయనేమన్నాడో తెలుసా? "పదేళ్లప్పట్నుంచీ అక్క పిల్లల్ని మోశాను. వీధిలో కుర్రాళ్లంతా బంతాట ఆడుతుంటే, నేను ఒకదాన్ని చంకనేసుకుని, ఒకణ్ణి చేత్తో పట్టుకుని, మూడోదాని గుడ్డలు ఉతికేవాణ్ణి. రాత్రి ఏడిస్తే నన్నే లేపేది. నా వంతు పిల్లల పెంపకం అప్పుడే అయిపోయింది" అన్నాడు. ఏడ్చాడు వదినా. బూటు పట్టుకుని ఏడ్చాడు.

మీకు తెలీదు కదూ? మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. "మా బుజ్జికి పిల్లలంటే ప్రాణం" అని ఊరంతా చెప్పుకున్నారు.

నాకు జాలి వేసింది, దాచను. ఆ జాలి ఎంతసేపుంది? తర్వాత మాట అనేదాకా. "మరి వాళ్లంతా నన్ను గొడ్రాలంటుంటే విన్నారు కదా?" అన్నాను. "వాళ్ల మాటలు పట్టించుకోకు అని చెప్పాను కదా" అన్నాడు. అంతే. అదే ఆయన చేసిన సాయం.

మీ చిన్నమ్మాయి బిడ్డ పుట్టినప్పుడు నేనెత్తుకోబోతే మీరు లాక్కున్నారు. "ఇప్పుడే నిద్రపోయింది" అన్నారు. కళ్లు తెరుచుకుని నన్నే చూస్తోంది ఆ పిల్ల. మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు, కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. అప్పుడు పాపం ఆయనకీ బాధగా ఉందనుకున్నాను! ఆయన మీకు భయపడ్డాడు, మీ కోపానికి నన్ను అడ్డం పెట్టాడు. గొడుగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు నన్ను.

అందుకే వచ్చేశాను. ఇక్కడ ఇస్త్రీ చేసే అక్క తన గదిలో చోటిచ్చింది. గురక పెడుతుంది గానీ, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనదు.

ఏమిటి? "ఇప్పుడైనా రా, నేను వాణ్ణి గదమాయిస్తాను, ఇకనుంచి దగ్గరుండి చూసుకుంటాను" అంటున్నారా? ఏం చూసుకుంటారు వదినా? గుమ్మం ముందు కుర్చీ వేసుక్కూర్చుంటారా? ఇద్దర్నీ లోపలికి నెట్టి గడియ పెడతారా?

అక్కర్లేదు. దుప్పటి ఇటివ్వండి.

నేను ఆయన్ని పట్టుకోవడానికి అబద్ధం చెప్పానన్నాను కదా? అది సగమే నిజం. ఇస్త్రీ అక్కకీ సగమే చెప్పాను.

ఆ వారంలో ఒక పొద్దున స్నానాలగదిలో స్ట్రిప్పు చూసుకున్నాను. రెండు గీతలూ ఒకేలా ముదురుగా ఉన్నాయి. బయట ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు, "ఏమండీ, నేను పొరబడ్డాను, ఈ వారమే" అంటే చాలు, ఆయన మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయేవాడు. ఆయనకి వద్దని అప్పటికి నోటితో చెప్పలేదు గానీ, వద్దని నాకు తెలుసు. సూపర్‌వైజరు వెళ్లిన పూటే తెలిసిపోయింది.

అనలేదు. ఆ స్ట్రిప్పుని చెత్తబుట్టలో అడుక్కి తోసి, చేతులు కడుక్కుని, నవ్వుకుంటూ బయటికొచ్చాను. ఆ రాత్రి, మర్నాడు కూడా. నాలుగైదింట ఒక వంతే కదా అనుకున్నాను. ఎప్పుడూ నా వైపు తిరగని వంతు, ఇప్పుడు తిరుగుతుందా ఏమిటి అనుకున్నాను.

తిరిగింది.

అవును. మొన్న డాక్టరు చూసింది. గుండె కొట్టుకోవడం వినిపించింది.

ఆగండి! దగ్గరికి రాకండి. ఆ చేతులు దింపండి. కళ్లనీళ్లెందుకు? పావుగంట క్రితం ఈ గదిలోకి వచ్చిన మనిషేనా మీరు? "నా తల్లే, నా బంగారమే" అంటే నేను ఒళ్లో వాలిపోవాలా? మీకు మేనల్లుడో మేనకోడలో కావాలి, నేను కాదు. నేను ఇప్పుడు కూడా మీకు కడుపునే, వదినా. అప్పుడు ఖాళీ కడుపుని, ఇప్పుడు నిండు కడుపుని.

రాను. మీ ఇంటికి రాను, ఆయన ఇంటికీ రాను. కావాలంటే వెళ్లి మీ బుజ్జికి చెప్పండి. నాకు చెప్పాలని లేదు. వెంటనే నమ్మడు, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాడు. పెట్టుకోనివ్వండి. లెక్క సరిపోతుంది.

మోసపోయింది వాడేనంటారా? అనండి. నిజమే. వద్దని తెలిసి, అడక్కుండా, వాణ్ణి తండ్రిని చేశాను. వాడు నాతో ఆడిన ఆటే నేనూ ఆడాను, ఒక్క వారం. బిడ్డ పెద్దయి అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. తప్పేనేమో. తప్పే అయ్యుంటుంది.

ఏం చేస్తాం? నాలుగేళ్లు నావి కాని తప్పులన్నీ నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఇది ఒక్కటే, వదినా, నిజంగా నాది.