కిష్టప్ప గారు రాసిన ‘జాలు’, నేను దిద్దిన ‘చాలు’

1989వ సంవత్సరం ఆగస్టు నెల ఇరవై ఒకటవ తేదీ, సోమవారం, ముసురు వాన పడుతుండగా, భుజాన తడిసిన గొంగడితో, చేతిలో నియామక పత్రంతో శ్రీ కిష్టప్ప గారు మన కార్యాలయం మెట్లెక్కి, అటవీ వాచరుగా విధుల్లో చేరారు. బంట్వారం మండలంలో గొర్రెల కాపరుల ఇంట పుట్టి, పదిహేనేళ్ల వరకు మంద వెంట తిరిగి, ఆ తరువాతనే పలక పట్టి, పట్టుదలతో ఏడవ తరగతి గట్టెక్కిన వారు. అందుకే కాబోలు, అక్షరమంటే ఆయనకు ఎనలేని గౌరవం. ఆనాటి హాజరు పట్టీలో ఆయన సంతకాన్ని మొన్న మళ్ళీ చూశాను. మడిలో వరస తప్పకుండా నాటిన నారులా ఉంది.

ముప్పై ఆరేళ్లకు మూడు వారాలు తక్కువగా సాగిన ఆ సేవ ఈ జులై నెలాఖరున ముగుస్తున్నది. ఈ అభినందన సంచికకు వ్యాసం రాయమని మిత్రులు నన్నే కోరారు. “వెంకటేశం గారి తెలుగైతే సభకు నిండుగా ఉంటుంది” అన్నారు. నిండుగా ఉంటుంది, కాదనను. తాండూరులో వ్యాపారస్తుల ఇంట పుట్టి, దుకాణం వదిలి వ్యాకరణం పట్టుకున్న వాణ్ణి. ఈ కార్యాలయంలో ఎవరి కాగితం నా బల్ల మీదికి వచ్చినా దిద్దకుండా వదిలిన పాపాన పోలేదు. ఆ దిద్దుబాటు అలవాటు ఈ మహానుభావునికి చేసిన అపకారాన్ని కూడా ఇక్కడే చెప్పవలసి ఉన్నది. పొగడ్తల మధ్య అది ఎక్కడ ఇముడుతుందో నాకు తెలియదు. ముందుగా వారి ఉద్యోగ ప్రస్థానాన్ని వివరిస్తాను.

వాచరుగా ఆరు సంవత్సరాలు, అటవీ రక్షకునిగా, బీట్ అధికారిగా పద్నాలుగు సంవత్సరాలు వికారాబాద్, తాండూరుల నడుమ గుట్టలన్నీ కాలినడకన కొలిచిన కిష్టప్ప గారు, 2009లో సెక్షన్ అధికారి అయ్యారు. వేసవిలో మంటలార్పడం, వానల్లో మొక్కలు నాటించడం, కట్టెలు కొట్టేవారిని కేసు పెట్టకుండానే సిగ్గుపడేలా చేసి పంపడం ఆయన నిత్యకృత్యాలు. అయితే ఆయన పేరు మన సరిహద్దులు దాటింది నడకదారుల వల్ల. హైదరాబాద్ నుంచి జనం శనాదివారాల్లో అడవి చూడటానికి రాసాగిన కాలంలో, ఎవరికి తోచిన చోట వారు పొదల్లో దూరి, దారి తప్పి, ఫోన్లు చేసి ప్రాణం తీసేవారు. దారి మధ్యలో ఎన్ని బాణం గుర్తులు పెట్టినా లాభం లేదనీ, దారి మొదలు సరిగా ఉంటే సగం పని అయినట్టేననీ తొలిసారి చెప్పింది కిష్టప్ప గారే. “మొదలు దొరికితే మనిషి ఫికర్ లేకుండ నడుస్తడు సార్. మొదట్ల పరేషానైనోడు ఆఖరి దాంక పరేషానే” అనేవారు. ఆయన గుర్తించిన నాలుగు దారి మొదళ్ల వద్దే ఈనాటికీ మన బోర్డులున్నాయి.

ఆ దారులకు పరీక్షాధికారి ఎవరో చాలామందికి తెలియదు. వారి ధర్మపత్ని శ్రీమతి బుగ్గమ్మ గారు. కొత్త దారి ఏది సిద్ధమైనా, మన ఇంజనీరు గారి కొలతలు పూర్తయినా, ఆమె ఆ మొదటి నుంచి ఈ కొస వరకు నడిచి వస్తే తప్ప కిష్టప్ప గారు దానిని తెరవనిచ్చేవారు కాదు. ఆమె అలసి ఎక్కడ కూలబడితే అక్కడ ఒక రాతి బెంచీ వేయించేవారు. ఒకసారి ఇంజనీరు గారు లెక్క ప్రకారం ఆరువందల మీటర్లకొక బెంచీ చాలునంటే, పక్కనే చెమట తుడుచుకుంటున్న బుగ్గమ్మ గారు ఊరుకోలేదు. “మీటర్లు మీ కాయితాలకు తెలుస్తయేమొ గని, మోకాళ్లకు ఎర్కలే సారూ! గీ ఎక్కుడు నువ్వెక్కి జూడు, నీకే తెలుస్తది” అన్నారు. ఇంజనీరు గారు ఎక్కి చూశారు. ఆ ఎక్కుడులో ఇప్పుడు రెండు బెంచీలున్నాయి.

ఇక చెప్పక తప్పని భాగానికి వస్తాను. 2017 డిసెంబరులో గొర్రెలబండ వద్ద ఒక శిబిరస్థలం, అంటే సందర్శకులు గుడారాలు వేసుకుని ఉండే చోటు, ఏర్పాటు చేయాలనే ప్రతిపాదన వచ్చింది. స్థలం చూసి నివేదిక ఇవ్వవలసిందిగా కిష్టప్ప గారికి ఒక నమూనా పత్రం పంపాము. ఆయన దానిని తన చక్కని చేతిరాతతో నింపి తెచ్చారు. ‘గుడారములు వేయుటకు బండ క్రింది స్థలము’ అన్న గడి ఎదుట ఒకే ఒక్క మాట రాశారు: ‘జాలు’.

జాలు అంటే, వానాకాలంలో అడుగు నుంచి నీరు ఊరి నేల పిండిలా మెత్తబడే చోటు. చేను జాలు పట్టిందంటే ఏమిటో మన పల్లెల్లో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. నాకు తెలియదు. నాకు తెలిసింది సరళాదేశ సంధి. ద్రుతం మీద ‘చ’కారం ‘జ’కారమవుతుందనే సూత్రం నా నాలుక చివర ఉంటుంది కనుక, ఆయన ‘స్థలము చాలు’ అనబోయి, ఎక్కడో విన్న పద్యభాష పట్టుకొని ‘జాలు’ అన్నారని నాలో నేను ముసిముసిగా నవ్వుకుని, శుద్ధ ప్రతిలో ‘చాలు’ అని దిద్దాను. ఆయన కిటికీ అవతలే నిలబడి ఉన్నారు. ఒక్క కేక వేసి అడిగితే సరిపోయేది. సంతకానికి పిలిస్తే, “మీరు రాసినంక మల్ల నేనేం సదువుత సార్” అని నమ్మకంగా సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆ వెంటనే ఆయనను మర్పల్లి వైపు నర్సరీ పనులకు నాలుగు నెలలు పంపించారు.

మే నెలలో ఆయన తిరిగి వచ్చేసరికి బండ కింద పన్నెండు గుడారాల దిమ్మెలు, చుట్టూ కంచె, దారి మొదట స్వాగత ద్వారం సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఆ రోజే రొప్పుతూ అధికారి గారి గదిలోకి వచ్చారు. “సార్, గది జాలు! వానలు వడ్తే గాడ మనిషి నిలవడడు. గుడారాలు పై బండ మీదికి మార్వాలె” అన్నారు. అధికారి గారు ఫైలు తెప్పించి, శుద్ధ ప్రతి ఆయన ముందుకు తోశారు. “చాలు అని నువ్వే రాసినవ్ కదయ్యా. సంతకం నీదే కదా?” అని అడిగారు. కిష్టప్ప గారు ఆ మాటను చూశారు, తన సంతకాన్ని చూశారు, మళ్ళీ ఆ మాటను చూశారు. “నాదే సార్” అని మెల్లగా అన్నారు. ఫైలు తెచ్చిన వాణ్ణి నేనే. అయ్యో, జాలు అంటే ఇదా అని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. సూపరింటెండెంటు పదోన్నతి జాబితాలో నా పేరు ఉన్న వారమది. నేను నోరు మెదపలేదు.

జులైలో ఒక శనివారం తాండూరు నుంచి ఒక బడి పిల్లలు ముప్పై మంది గుడారాల్లో దిగారు. మధ్యాహ్నం వాన అందుకుంది. ఎవరూ పిలవకుండానే కిష్టప్ప గారు మోటారు సైకిలు మీద అక్కడికి పరుగెత్తారు. నేల అప్పటికే ఊరుతున్నది. మేకులు వదులై గుడారాలు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. “అన్ని ఇడిసిపెట్టుండ్రి, బండ మీదికి ఉర్కుండ్రి!” అని కేకలు వేస్తూ పిల్లలందరినీ పైకి చేర్చారు. పిల్లలకు ఏమీ కాలేదు. చివరి గుడారంలోని పిల్లను ఎత్తుకొని వస్తున్న మార్త అనే ఉపాధ్యాయిని దిమ్మె మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. అనుచితమైన స్థలాన్ని సిఫారసు చేసినందుకు సంజాయిషీ కోరుతూ కిష్టప్ప గారికి మెమో వెళ్ళింది. ‘తప్పు నాదే’ అని జవాబు వచ్చింది. ఆ జవాబుకు నంబరు వేసి ఫైలులో పెట్టింది నేనే. శిబిరస్థలం మూతపడింది. డిప్యూటీ రేంజ్ అధికారిగా రావలసిన పదోన్నతి ఆయనకు రాలేదు. బషీరాబాద్ వైపు బదిలీ వచ్చింది. నాకు సెప్టెంబరులో కొత్త కుర్చీ వచ్చింది.

ఆ జవాబు కిష్టప్ప గారి చేతిరాతలో లేదు. ఆయన చెబుతుంటే బీట్ అధికారి విజయ్‌కుమార్ రాశాడు. అది మొదలు దినచర్య డైరీలు, నివేదికలు, సెలవు చీటీలు సైతం ఆయన ఇతరుల చేతనే రాయించారు. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ ఏటవాలు మీద దారి మొదలు పెట్టాలో, ఏ చోట నేల మోసం చేస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ జ్ఞానంలో ఒక్క వాక్యం కూడా ఈ ఏడేళ్లలో కాగితం మీదికి రాలేదు. పెద్దవారయ్యారు, బద్ధకించారని మేమంతా హాస్యమాడాము. అందరికంటే ముందు ఆ హాస్యం ఆడింది నేనేనని తలచుకుంటే ఇప్పుడు సిగ్గు ముంచుకొస్తున్నది.

ఈ వ్యాసం కోసం కలం పట్టి, ‘నిష్కళంక సేవ’ అని రాయబోతే చేయి ఆడలేదు. ఈ నెల మొదటి ఆదివారం, పాత ఫైలులోంచి ఆయన చేతిరాత మూల ప్రతికి నకలు తీసుకుని వారి ఊరికి వెళ్ళాను. బుగ్గమ్మ గారు మంచం వాల్చారు. బషీరాబాద్ బడిలో పనిచేసే వారి బిడ్డ సింధుజ చాయ్ తెచ్చింది. నేను జరిగినదంతా చెప్పి, కాగితం చేతికిచ్చాను. కిష్టప్ప గారు అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“సార్, గిది నా రాతేనా?”

“మీదే, కిష్టప్ప గారూ.”

“మరి ‘జ’ సక్కగనే ఉంది కద?”

“చక్కగానే ఉంది. దిద్దింది నేను.”

“నా చెయ్యే తప్పిందనుకున్న సార్. గొర్లు కాసెటోనికి రాతలెందుకని నన్ను నేనే తిట్టుకున్న. నా ఒక్క అచ్చరం జెయ్యవట్టి గా టీచరమ్మ కాలిరిగిందని ఎన్నిసార్లు ఏడ్సిన్నో బుగ్గమ్మకే ఎర్క.”

బుగ్గమ్మ గారు లేచి నిలబడ్డారు. “ఏడేండ్లు సారూ! ఏడేండ్ల సంది గీయన కలం ముట్టలే. బిడ్డ లగ్గం పత్రికల మీద పేర్లు గూడ పక్కింటోళ్లతోని రాయించిండు. సారని ఊకుంటున్న గని, లేకుంటె గీ వాకిట్ల నిలవడనిద్దునా!” అన్నారు. ఆ మాట నాకు తగినదే. కిష్టప్ప గారు ఆమెను వారించలేదు.

“గప్పుడెందుకు చెప్పలే సార్?” అని ఆయన అడిగారు.

“భయపడ్డాను. నా ప్రమోషన్ ఆగిపోతుందని.”

“మరి నా ప్రమోషన్?”

ఆ కాగితాన్ని తిరిగి నా చేతికిచ్చి ఆయనే అన్నారు: “నా ఒక్కనికి చెప్తె ఏం ఫాయిద సార్? ‘చాలు’ అన్న కాయితం మీద నా సంతకం చూసినోళ్లందరికి చెప్పుండ్రి. గా సంచికల రాయుండ్రి.” అందుకే రాశాను. మరునాడే మూల ప్రతిని, నా లిఖిత వాంగ్మూలాన్ని పై అధికారులకు సమర్పించాను. నా మీద ఏ చర్య తీసుకున్నా శిరసావహిస్తాను. ఆయన పేరు మీది మచ్చ తొలగుతుందనే ఆశ ఉంది. కానీ ఆ ఉత్తర్వు వచ్చేనాటికి ఆయన ఉద్యోగంలో ఉండరు, పోయిన ఏడేళ్లు ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఆయన నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

కిష్టప్ప దంపతులు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని ఈ కార్యాలయమంతా కోరుకుంటున్నది. నేను కోరేది ఇంకొంచెం ఎక్కువ. ఆయన కళ్ళు, ఆయన చేయి చాలాకాలం చల్లగా ఉండాలి. ఈ ఏడేళ్లు రాయకుండా మిగిలినదంతా ఆయన రాయాలి, తప్పో ఒప్పో ఎవరినీ అడగకుండా రాయాలి. ఆ రోజు నేను సెలవు తీసుకుని లేస్తుండగా, ఆయన సింధుజ చేత నోటుబుక్కు తెప్పించుకుని, మూడు వాక్యాలు రాసి, కాగితం చింపి నాకిచ్చారు. “గీసారి దిద్దకుండ్రి సార్” అన్నారు. దిద్దలేదు. ఆయన రాసినది రాసినట్టే ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను:

“గొర్లబండ కింద నేల జాలు. గుడారాలకు పనికి రాదు. పై బండ మీద ఎయ్యాలె. కిష్టప్ప.”