పది అంకె లేని బోర్డు

అధ్యక్షులు లైల్ ఓబెర్గ్ గారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకు, పాస్టరు గారికి, వంటగదిలో బంగాళాదుంపలు వేడి చేస్తున్న ఆడవాళ్ళకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మన వెల్డన్ క్రీక్ బేస్‌బాల్ వీరులకు నమస్కారం. వీరులు అన్న మాట నాది కాదు. కాగితంలో మా ఆవిడ మార్లిస్ రాసింది. (నవ్వులు)

నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ పల్లెటూరి బడిలో. ముప్పై ఒక్క ఏళ్ళు స్కోరుబోర్డు దగ్గర నిచ్చెనెక్కి రేకు అంకెలు మేకులకు తగిలించినవాణ్ణి. మనుషుల మొహాలు చూస్తూ మాట్లాడడం ఇదే మొదలు. వచ్చే ఏడు కరెంటు బోర్డు వస్తోంది. తొంభై తొమ్మిది దాకా చూపిస్తుందట. సరిపోతుందనే ఆశిద్దాం.

జట్టు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మన బంతి విసిరేవాళ్ళంత మర్యాదస్తులు ఈ జిల్లాలో లేరు. మన ఊరొచ్చిన జట్టు ఏదీ ఉత్త చేతులతో వెళ్ళలేదు. పొరుగూళ్ళలో ఆట మానేసిన ముసలివాళ్ళు కూడా మన మీద ఆటంటే నడుముకు పట్టీ బిగించుకుని వచ్చేవారు, పదిహేను పరుగులే ఇచ్చిన రోజున మన కోచ్ 'ఈవేళ కట్టుదిట్టంగా ఆడార్రా' అని వెన్ను తట్టేవాడు, ఇక నేనైతే అవతలి జట్టు వరుస కోసం విడిగా పెట్టుకున్న సున్నాల డబ్బా ఎంతకాలం తెరవలేదంటే, ఒక ఏడు అందులో పిచ్చుక పిల్లల్ని లేపి, అవి ఎగిరిపోయాక గాని నాకు తెలియలేదు. డేల్, నవ్వకు, నిన్నే అంటున్నాను. డేల్ హ్రుస్కా పదహారేళ్ళుగా మనకు విసురుతున్నాడు. అతను విసిరితే అవతలివాళ్ళు బాదిన బంతులు ఇప్పటికీ గోడవతల మొక్కజొన్న చేలో కోతలప్పుడు దొరుకుతున్నాయి. (నవ్వులు)

ఇక్కడిదాకా మార్లిస్ రాసింది. ఇక చెప్పేది కాగితంలో లేదు.

ఏడేళ్ళ కిందట హాల్‌స్టెడ్ వాళ్ళతో ఆట. మీకందరికీ గుర్తే. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్ కదా, నాలుగో ఇన్నింగ్స్‌లో వాళ్ళు పది పరుగులు కొట్టారు. బోర్డు చేసినవాడెవడో గాని మన జట్టు ఆట చూసినవాడు కాదు. ఇన్నింగ్స్‌కు ఒకటే మేకు, ఒకటే అంకె, తొమ్మిది దాటి లేదు. తొమ్మిది తగిలించాను. పక్కన సుద్దతో సరిచేద్దామనుకున్నాను. మరిచిపోయాను. చివర్లో బోర్డు చూసే వాళ్ళ మొత్తం లెక్కగట్టి తగిలించాను. ఇరవై ఒకటి.

ఆఖరి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళకు ఏం పూనిందో, ఇరవై రెండో పరుగు వచ్చింది. గెలిచామని డేల్‌ను భుజాలకెత్తుకున్నారు. అప్పుడు ఆట లెక్క రాసే లైల్ గారు స్కోరు పుస్తకం పట్టుకుని లేచారు. "వాళ్ళవీ ఇరవై రెండే. సమానం. ఆట ఇంకా ఉంది." డేల్‌ను కిందికి దించారు. దించాక అతను ఏడు పరుగులిచ్చాడు. ఓడాం.

మర్నాటి నుంచి లైల్ గారు ఈ ఊరికి 'దొంగ లెక్కల లైల్' అయ్యారు. కాఫీ హోటల్లో, "ఏం లైల్, రెండు కప్పులు తాగి మూడని రాసుకుంటావా?" అన్నారు. అన్నవాళ్ళలో సగం మంది ఇక్కడే ఉన్నారు. నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చుని నవ్వాను. ఆయన పుస్తకం సరిగ్గానే ఉంది. తప్పింది నా బోర్డు. ఆ వారమే పది అని ఒక రేకు చేసి రంగు వేసుకున్నాను. తర్వాత దాన్ని చాలాసార్లు వాడాను. నోరు మాత్రం విప్పలేదు.

లైల్ గారూ, మీ పేరు పాడైంది నా వల్ల. మన్నించండి.

ఆయన ఏదో అంటున్నారు. వెనకవాళ్ళకు వినపడదు, నేనే చెబుతాను. "నాకు ఆవేళే తెలుసురా అర్విడ్. నాలుగో గడిలో తొమ్మిది నాకు కనపడదా?" అంటున్నారు. మరి ఎందుకు చెప్పలేదండీ? "చెబితే ఆ వారమే బోర్డు పీకేసేవాళ్ళు. దాంతో నిన్నూ. నీ దగ్గర పది లేదు. ఉన్నదాంట్లో పెద్దది తగిలించావు." కోపం రాలేదా? "రాకేం! ఏడేళ్ళుగా మీ ఆవిడ కాల్చి తెచ్చే పండ్ల 'పై' ఒక్క ముక్కయినా ముట్టానా?"

మార్లిస్, వింటున్నావా? తీపి తక్కువైందేమోనని ఏడేళ్ళు బెంగపడ్డావు. (నవ్వులు)

డేల్ అడుగుతున్నాడు, "నన్ను దింపించాడని ఇన్నాళ్ళూ లైల్ మీద అలిగాను. ఇప్పుడెవరి మీద అలగాలి తాతా?" అని. నా మీదే బాబూ. కాకపోతే వరుసలో నిలబడు, నీ ముందు మార్లిస్ ఉంది.

ఇవాళ రెండు గంటలకు నా ఆఖరి ఆట. బోర్డు ఖాళీగా ఉంది. ఇక్కణ్ణించి తిన్నగా వెళ్ళి ఆనాటి ఆట అంకెలన్నీ తగిలిస్తాను. నాలుగో గడిలో పది. తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి వాళ్ళ మొత్తం ఇరవై రెండు. లైల్ గారి పుస్తకంలో ఉన్నట్టే. మొదటి బంతి పడేదాకా అవి అక్కడే ఉంటాయి. కాఫీ హోటలు వాళ్ళందరూ కాస్త ముందుగా వచ్చి చూడాలని నా మనవి.

వంట చేసినవారికి, ఓపిగ్గా కూర్చున్నవారికి, ఏడేళ్ళు నా పేరు బయటపెట్టని లైల్ గారికి కృతజ్ఞతలు. డేల్, పది రేకు ఒక్కటే ఉంది. నేను దాన్ని కిందికి దించేదాకా, దయచేసి, అవసరం పడనీయకు.

నిచ్చెన ఎక్కడానికి ఈమధ్య నాకు చాలాసేపు పడుతోంది. ఇక సెలవిప్పించండి.