సొంత అంకె

అదికాదక్కా, ఆ ఇస్త్రీపెట్టె ఒక్క నిమిషం పక్కన పెట్టు. పెట్టవా? సరే, నీ పని నువ్వు కానియ్యి, చెవులు మాత్రం ఇటు పారెయ్యి. ఆ కాలరుని ఇంకెంతసేపు రుద్దుతావ్? అంత ఎత్తున క్రేను గదిలో కూర్చునే మనిషి కాలరు కిందివాళ్ళలో ఎవరికి కనబడుతుందే?

ఏమన్నానా? రేపు పనికి వెళ్తే కదా, అన్నాను. అవును, అన్నాను. నోరు జారలేదు, కావాలనే అన్నాను.

అబ్బ, అలా గుండె మీద చెయ్యేసుకోకు. ఎవరికీ ఏం కాలేదు. ఇంకా ఏం కాలేదు. బావ స్నానం చేస్తున్నాడు కదా, ఆ నీళ్ళ చప్పుడు ఆగేలోపు నేను చెప్పెయ్యాలి. ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాక నాకు నోరు పెగలదు. నా సంగతి నీకు కొత్తా?

విను. ఇదంతా మా ఆట దగ్గర మొదలైంది.

నవ్వకు! నీకు అది పిల్లలాటే, తెలుసు. సెలవురోజు మధ్యాహ్నం నేనూ బావా పిన్నీ ఈ బల్ల చుట్టూ చేరి నక్షత్రాలు, ఓడలు అంటూ పాచికలు వేస్తుంటే, నువ్వు టీ గ్లాసులు పెట్టి, ముగ్గురికీ కలిపి ఒక బుర్రయినా లేదని సణుక్కుంటూ పోతావ్. పోతే పోయావు గాని, ఇవాళ మాత్రం ఆ ఆట సంగతి నీకు తెలియాలి. అది తెలియకపోతే నేను చేసిన వెధవపని నీకు అర్థం కాదు.

అందులో గళ్ళుండవు, గెలవడాలుండవు. నేను కథ చెప్తాను. వాళ్ళిద్దరూ ఆ కథలో మనుషులు. ఎప్పుడో రాబోయే కాలం, గ్రహాల మధ్య సరుకు మోసే ఓడలు. ఒక్కో మనిషికి ఆరు గుణాలు. బలం, చురుకు, ఓర్పు, తెలివి, చదువు, పరపతి. ఒక్కోదానికి రెండు పాచికలు వేసి, ఎంత పడితే అంత రాసుకోవాలి. అదీ ఆ మనిషి సొంత అంకె. పుట్టుకతో వచ్చింది.

మరి ఆ కాలంలో పుట్టినట్టే ఉండిపోనక్కర్లేదుగా! చేతికి ఉక్కు నరాలు వేయించుకోవచ్చు, వేళ్ళలో సన్నటి తీగలు పెట్టించుకోవచ్చు. బలం నాలుగున్నవాడు పదకొండుకి పోవచ్చు. దాన్ని మేం తగిలించిన అంకె అంటాం. ఏ పని చేసినా ఆ పెద్ద అంకెతోనే చేస్తాడు. కాని పాత అంకె కొట్టెయ్యకూడదక్కా. నాలుగు, పక్కన గీత, ఆ పక్కన పదకొండు. రెండూ ఉండాలి. ఎందుకంటావా? కరెంటు పోయిందనుకో, యంత్రం చెడిందనుకో, అప్పుడు గీతకి ఇవతల ఉన్నదే మిగులుతుంది. ఆపదలో పనికొచ్చేది అదే.

ఇంకో మెలికుంది. తగిలించుకున్నది ఒంటికి పట్టాలి కదా. ప్రయాణం ముగిసినప్పుడల్లా నేను పాచికలు వేసి చూడాలి, ఒళ్ళు ఒప్పుకుందా, ఎదురు తిరిగిందా అని. ఎదురు తిరిగితే ఓర్పులోంచి ఒకటి పోతుంది. పోయింది మళ్ళీ రాదు. ఓర్పు అడుగంటితే ఆ మనిషి చచ్చినట్టే. ఆ పాచికలు వాళ్ళకి కనబడకూడదు. నా ముందు అట్ట నిలబెట్టుకుంటానే, చాటుగా ఏం తింటున్నావురా అని ఏడిపిస్తావే, అది ఇందుకు.

ఇప్పుడు బావ సంగతి.

ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాక ఈ ఇంట్లో బావ గొంతు విన్నామా మనం? రేవులో ఇనపతాడు జారి మణికట్టు కోసేసింది, నరం కుట్టారు, చెయ్యి మిగిలింది, వేళ్ళకి పట్టు లేదు. గ్లాసు పట్టుకోబోతే జారేది. నువ్వు తుడిచేదానివి, ఆయన గోడకేసి తిరిగేవాడు. నేను ఎందుకు మొదలెట్టాను ఈ ఆట? ఆ ముఖం చూళ్ళేకే కదా!

ఓడలో సరుకెత్తే కూలీని తయారుచేసుకున్నాడు. పేరు గూటం అని పెట్టాడు. బలానికి పాచికలు వేస్తే ఖర్మ, నాలుగు పడింది. బావ ఆ అంకె వంక చూశాడు, తన చేతి వంక చూసుకున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఉక్కు చెయ్యి వేయించుకోమన్నాను. వేయించుకున్నాడు. ఆ పూట గూటం ఒంటిచేత్తో ఓడ తలుపు ఊడబీకితే బావ నవ్వాడక్కా. పళ్ళు కనబడేలా నవ్వాడు. వంటింట్లోంచి నువ్వు పరిగెత్తుకొచ్చావు, గుర్తుందా, ఏమైందీ ఏమైందీ అని.

ఆట ముగిశాక అట్ట వెనక పాచికలు వేశాను. ఒళ్ళు ఎదురు తిరిగింది.

నేనేమన్నాను? "పట్టింది బావా, బ్రహ్మాండంగా పట్టింది," అన్నాను.

తరవాతి వారం అంతే. ఆ తరవాతా అంతే. ఎన్నిసార్లు ఎదురు తిరిగినా పట్టిందనే చెప్పాను. లెక్కప్రకారం ఆ గూటం ఎప్పుడో పోయాడు. పోయినవాణ్ణి వారం వారం లేపి కూర్చోబెడుతున్నాను.

పిన్నికీ చేశానా? లేదు. అదే నన్ను తినేస్తోంది. బట్టలు కుట్టీ కుట్టీ వేళ్ళు వంకర్లు పోయిన మనిషి, ఆటలోనైనా వేళ్ళు చకచకా ఆడాలని చురుకు పెంచుకుంది. ఆవిడకి ఏం పడితే అది చెప్పాను. ఆవిడ మనిషి చచ్చిపోయింది. "పోనీలేరా, ఉన్నన్నాళ్ళూ దర్జాగా కుట్టింది," అని నవ్వేసి కొత్తమనిషిని తయారుచేసుకుంది. ఆ పూటే బావకి వేసిన పాచికలు అంతకన్నా అన్యాయంగా పడ్డాయి. నేను "పట్టింది" అన్నాను. పిన్ని అట్ట వంక ఒక చూపు చూసింది. నిలదీసుంటే బాగుండేది.

ఆగు ఆగు, ఆటలో తొండి చేస్తే కొంపలేం మునగవని నాకూ తెలుసు. అంతటితో ఆగితే నేనిలా వచ్చి నీ ముందు చేతులు నలుపుకుంటానా?

బావ చేతిలో ఎప్పుడూ ఉంటుందే, నొక్కే స్ప్రింగు. రెండు పిడులూ, మధ్యలో చుట్టతీగ. ఆస్పత్రిలో చేతికి వ్యాయామాలు చేయించే మేడమ్ ఇచ్చింది. ముందు పసుపుది, తరవాత అంతకన్నా గట్టిది ఎర్రది, చివర అన్నిటికన్నా గట్టిది నల్లది. నల్లదాని పిడులు రెండూ కలిసేలా నొక్కగలిగితే చెయ్యి పనిలోకి వచ్చినట్టు. బావ ఎర్రది దాటలేకపోయాడు. ఎంతకీ కలవవు. ఒకరోజు విసిరి గోడకేసి కొట్టాడు, పిడి ఊడింది. నువ్వు చూడకముందే నా కొట్టుకి పట్టుకొచ్చాడు. "ఇది పాడైనట్టుంది, చూడరా," అన్నాడు.

రోజంతా గడియారాలూ తూకం మిషన్లూ విప్పేవాణ్ణి నేను. నా సొరుగులో స్ప్రింగులకి కొదవా? అదే పొడవు, అన్నే చుట్లు, తీగ మాత్రం ఒక పిసరు సన్నం. మామూలు కంటికి ఆనదు. పిడి బిగించేటప్పుడు అది పెట్టేశాను.

మర్నాడు బావ ఫోను చేశాడు. "ఒరేయ్, కలిశాయిరా! రెండూ కలిశాయి!" అరుస్తున్నాడు. వెనకాల నీ గొంతు. నువ్వు ఏడుస్తున్నావో నవ్వుతున్నావో తెలీలేదు. ఇంక నిజం ఏ నోటితో చెప్పను?

నల్లదానికీ అదే చేశాను. నూనె వేస్తానని అడిగి పట్టుకెళ్ళాను. కొత్త తీగకి నల్లరంగు వేసింది నేనే.

అక్కా, పొగ వస్తోంది. ఇస్త్రీపెట్టె తియ్యి. తియ్యి ముందు! పోనీలే, అంచే, కాలింది కొంచెమే.

తిట్టు. తిడితే పడతాను. కానీ మొత్తం విని తిట్టు.

నేను ఏమనుకున్నానంటే, ధైర్యం వస్తే పట్టు అదే వస్తుందిలే అనుకున్నాను. కొంత వచ్చింది కూడా. గ్లాసు జారట్లేదు, బొత్తాలు పెట్టుకుంటున్నాడు. అవి నావి కావు, బావవే. కానీ ఎంత వచ్చింది? అదీ నాకు దొరకనిది! నల్లది నొక్కేస్తుంటే ఇంకెందుకని మేడమ్ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. రేవు మేస్త్రీతో చెప్పాడు. ఆయన పాత స్నేహితుడాయె, నల్లది నొక్కుతున్నావా, ఇంకేం, రేపు వచ్చి క్రేనెక్కు అన్నాడు. అందరూ గీతకి అవతలి అంకె చూస్తున్నారు. ఇవతలి అంకె ఎంతో బావకి తెలీదు, మేస్త్రీకి తెలీదు, ఆఖరికి దాన్ని చెరిపేసిన నాకూ తెలీదు.

ఆ క్రేను లివర్ ఎలాంటిదో బావే చెప్పాడు. పని జరిగినంతసేపూ బిగించి పట్టుకునే ఉండాలిట. పట్టు సడలితే వెనక్కొచ్చేసి క్రేను టక్కున ఆగిపోతుందిట. ఆగితే మంచిదేగా అన్నాన్నేను, తెలివితక్కువగా. క్రేను ఆగుతుందిరా, దానికి వేలాడే బరువు ఆగదు, ఊగుతుంది, కింద మనుషులుంటారు, అన్నాడు.

అది విన్నప్పటినుంచీ నాకు అన్నం దిగట్లేదు.

మొన్నటి ఆటలో ఇంకోటి జరిగింది. ఓడలో కరెంటు పోయింది. గూటం చేతిలో పెద్ద పెట్టె ఉంది, కింద పిన్ని మనిషి నిలబడి ఉంది. బావ తనే అన్నాడు, "కరెంటు పోయిందిగా, ఇప్పుడు నాది నాలుగే కదరా? పిన్నీ, నువ్వు పక్కకి జరుగు," అని. చూశావా! ఎవరూ అడక్కుండానే తన సొంత అంకె చెప్పుకున్నాడు. నేనేమో ఎగబడి, లేదు లేదు బావా, లోపల బ్యాటరీ ఉంది, ఏం కాదు, ఎత్తు అన్నాను. అప్పటికప్పుడు పుట్టించాను ఆ బ్యాటరీని. బావ నా వంక అదోలా చూసి, "నీకెందుకురా అంత భయం?" అన్నాడు.

ఎందుకు అంటే... నీకు చెప్తాను. బావ మీద జాలితో చేశానని ఇందాకట్నుంచీ చెప్తున్నాను కదా, అది సగమే. ఇదివరకు నేను ఈ ఇంటికి వస్తే, వచ్చావా, తిన్నావా, అంతే. ఇప్పుడో? గుమ్మంలో కుర్చీ వేసుకుని బావ నాకోసం ఎదురుచూస్తుంటాడు. వీధిచివర కనబడితే చాలు, చెయ్యెత్తుతాడు, ఆ కుడిచెయ్యే. నేనొక మనిషినని నాకోసం అలా చూసినవాళ్ళు ఎవరున్నారే ఇంకా? గూటం చస్తే ఆట ఆగిపోతుందేమో, పిడులు కలవకపోతే మళ్ళీ గోడకేసి తిరుగుతాడేమో, నాకు మళ్ళీ వచ్చావా తిన్నావాయే మిగులుతుందేమో. అదక్కా నా భయం. సిగ్గుగా ఉంది. ఉన్నమాట ఇదే.

ఇదిగో, జేబులో తెచ్చాను. మేడమ్ ఇచ్చిన అసలు తీగ. మళ్ళీ నూనె పేరు చెప్పే పట్టుకెళ్ళి పిడులకి బిగించాను, పసుపు, ఎరుపు కాదు, నల్లదే. రేపు లివర్ పట్టుకునేముందు ఇవాళ ఇది పట్టుకోవాలి. నువ్వు ఇస్తావా? నీ చేత్తో ఇస్తే... వద్దా. సరే. నిజమే, నేను ఇవ్వాల్సిందే.

నీళ్ళు ఆగిపోయాయి.

ఇప్పుడు తిట్టక్కా. పొమ్మనైనా అను. అలా కాలిన చొక్కా పట్టుకుని నిలబడకు.

ఆఁ, బావా! ఇప్పుడే వచ్చాను. లేదు, ఏం లేదు, చొక్కా అంచు కొంచెం కాలితే అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అంతే... కాదు. అంతే కాదు. కూర్చో బావా. తల తరవాత తుడుచుకుందువుగాని, ముందు కూర్చో. ఇదిగో, ఇది పట్టుకో. ఎడమచేత్తో కాదు. కుడిచేత్తో.

నొక్కు.

గట్టిగా నొక్కు బావా. ఇంకొంచెం. ఇంకా... చాలు. చాలు బావా, వదిలెయ్యి, నరాలు లేస్తున్నాయి. పిడులు సగందాకా దగ్గరికొచ్చాయి. సగమంటే తక్కువేం కాదు. కాని కలవలేదు.

ఏంటి? పాడైనట్టుందా? నన్ను చూడమంటావా?

ఇటియ్యకు బావా, నీ దగ్గరే ఉంచుకో. ఇది బాగానే ఉంది. నేను బాగుచేసి ఇచ్చానే, పాడైంది అదే.