ఎవరూ గెలవని ఆట

సకల జనుల సమ్మె రోజులు. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాల మీద కూర్చుని పొద్దుటి నుంచి చదరంగం ఆడిన ఇద్దరు స్నేహితులు, ఆగిన బండి కాస్తా కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీద ఎదురుపడ్డారు. రైల్‌రోకోను ముందుండి నడిపిన హరీశ్‌కు ఒళ్ళు మండిపోతోంది. టైలర్ అక్తర్ మొహం చాటేస్తున్నాడు.

“ఎటు వోతున్నవ్? ఆగు! ఆ ఒంటెను ఎందుకు తిన్నవ్ రా?”

“చెక్ అన్నవ్. తిన్న.”

“తిన్నవా? కలిసి బట్టీ వట్టినం గద! వియన్నాల దొరలు ఎన్నడో ఆడిన ఆట...”

“మర్చిపోయిన.”

“రెండో ఎత్తుకే గుర్రం తీసుడు మర్చిపోలె. నేను మంత్రిని బలిస్తె, నీ రాజును నా దిక్కుదాక నడిపించుడు మర్చిపోలె. ఆఖర్న నా ఒంటె చెక్ అంటది, నీ రాజు పక్కకు జరగాలె. మళ్ల చెక్, మళ్ల జరగాలె. గంతే! ఒంటెను తింటె చస్తరని నాకు నేర్పిందే నువ్వు!”

“జర మెల్లగ మాట్లాడు భాయ్. ఇంటున్నరు.”

“ఇననీ! ఎస్సై ఏమన్నడు? ఎవరో ఒకరు గెలిచేదాక కూసోండి, గెలిచినంక పట్టాలు ఖాళీ చెయ్యాలె అన్నడా లేదా? అందుకే గద ఎవ్వలు గెలవని ఆట వట్టినం!”

“అన్నడు.”

“నేను ఒక్క ఎత్తు వేసిన్నో లేదో, రాజును పండవెట్టి ఓడిపోయిన అన్నవ్. మాట తప్పద్దని జనం లేశిన్రు. బండి పాయె. ఎస్సై నీకేం ఆశ చూపెట్టిండు?”

“నోరు జాగ్రత్త.”

“రేపు బజార్ల ద్రోహి అంటరు నిన్ను. నీ దుకాన్ల ఒక్కడు అంగీ కుట్టియ్యడు.”

“అననీ.”

“అననీయా? సిగ్గు లేదు? నేనే అంటున్న, ద్రోహివి! ఇయ్యాల్టి సంది నీకు నాకు ఏం లేదు.”

“అట్లనే కానీ. పట్టాల మీద నీకు చెప్తె లేచేటోనివా?”

“ఏం చెప్తె?”

“లేస్తె, నాయకుడే సొంత పనికి లేచిండని ఊరంత అనేది. లేవకపోతె బతుకంత ఏడ్చేటోనివి. నన్నంటె అననీ అని నేనే ఓడిన.”

“ఏం చెప్తె రా?”

“నీ ఫోన్ బంద్ వెట్టినవ్ గద, మీ మంగీలాల్ బావ నాకు చేసిండు. కడుపుల బిడ్డ అడ్డం తిరిగింది, పట్నం తీస్కపొమ్మన్నరట. నువ్వు ఆపిన బండిల ఉన్నది మీ అక్క.”