అందరిదీ మూడొందలే

కూలీల సంపాదన మీద పరిశోధన చేస్తున్న మా అమ్మాయి విజయవాడ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వసారాలో కూలబడింది.

"అమ్మా, మన పేటలో నలభై ఇళ్ళవాళ్ళూ నాట్ల కూలి మూడొందలేనని రాయించారు. ఒక్కరూ ఎక్కువ చెప్పలేదు. ఎవరన్నా నేర్పారా?"

"నేనే చెప్పాను తల్లీ."

"నువ్వా? ఎందుకు?"

"ఎక్కువ రాయిస్తే రేషన్ కార్డులు తీసేస్తారేమోనని. మీవాళ్ళు ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంటే నా గుండెల్లో దడ పుట్టింది."

"అవి నా ఫారాలమ్మా, గవర్నమెంటువి కాదు."

"ఎవరివైతే ఏంటి, చివరికి ఎవరి చేతికి పోతాయో నీకు మాత్రం తెలుసా?"

"మూడేళ్ళ పని ఇది. వచ్చే వారం మా సార్‌కి ఇవ్వాలి. తప్పని తెలిసి ఎలా ఇవ్వను?"

"ఇవ్వకపోతే ఉద్యోగం తీసేస్తారా?"

"గడువు అడుగుతాను. ఒప్పుకుంటే మళ్ళీ నలభై ఇళ్ళూ తిరగాలి."

"ఈ ఉక్కలో తిరిగితే పడిపోతావే. ఆ మూడొందలే ఉండనియ్యి, ఎవరు చూడొచ్చారు?"

"రేపెవరో నా రిపోర్టు చూపించి, వీళ్ళకి మూడొందలు చాలంటే?"

మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. సగం తాగి, సంచిలోంచి కొత్త ఫారం తీసింది.

"మనింటి నుంచే మొదలుపెడతాను. నాట్లకెళ్తే నీకు నిజంగా ఎంతిస్తున్నారమ్మా?"

వీధిలోకి ఒకసారి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేశాను.

"చెబుతాను. ముందు ఆ పెన్ను లోపల పెట్టు."