అనంతయ్య కొడుకు అద్దిన నలభై వేల పువ్వులు

మల్దకల్ దాటి రెండు కిలోమీటర్లు పోతే, విత్తనాల కోసమే పండించే అనంతయ్య సీడుపత్తి చేను. ఆ మధ్యాహ్నం బోరు మోటరు గది నీడన పదిమంది ఆడకూలీలు సద్దులు విప్పుకుని కూర్చున్నారు. పొద్దుటి నుంచి మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అద్ది అద్ది అందరికీ నడుములు పట్టేశాయి. అప్పుడు దిగాడు మధు, అనంతయ్య ఒక్కగానొక్క కొడుకు, నెదర్లాండ్స్‌లో చదువుతూ సెలవులకు వచ్చినవాడు. ఐదో తరగతి నుంచి హైదరాబాద్ హాస్టళ్లలో పెరిగాడు కాబట్టి చేను చూడ్డానికి కూడా తెల్ల బూట్లు తొడుక్కునే వస్తాడు.

రమ్మని కబురు పెట్టింది ఆ కూలీల్లో ఒకామె, ప్రేమలత. ఆమె కూతురు హెప్సిబాకు ఆ దేశంలోనే విత్తనాల చదువుకు సీటొచ్చింది, స్కాలర్షిప్పూ వచ్చింది. రేపు పొద్దున వీసా పనికి హైదరాబాద్ పోవాలి. పిల్ల సంచి సర్దుకుంది గానీ తల్లి నోట్లోంచి "పో" అనే మాట ఇంకా రాలేదు. వనపర్తి హాస్టలు తప్ప ఎరగని పిల్ల, అంత దూరంలో బతుకుతుందా? చూసొచ్చినవాడి నోట ఈ ఒక్క మాట వినాలని ప్రేమలత ఆశ.

"నాయనా, గా దేశంల మా పిల్ల బతుకుతదా? జర ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం మధుకు చిన్నప్పటి నుంచీ పడదు, కొందరికి వంకాయ పడనట్టు. మోటరు గది గడప మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"బతుకుడు అంత అల్క గాదక్కా. నేను గాబట్టి బతికిన. దిగిన రోజు సంగతే ఇను. రైలు దిగిన, వాన దంచుతుంది, చేతిల రెండు సూట్‌కేసులు. గక్కడ ఎంత పెద్దోడైనా సైకిలే. సరే అని ఒక సూట్‌కేసు ఎనక కట్టిన, ఇంకోటి నెత్తి మీద వెట్టుకున్న, తొక్కుకుంట రూముకు వోయిన."

"నెత్తిమీదిది పడలే?" అంది ఈదమ్మ. ఆ పదిమందికీ మేస్త్రి ఆమే.

"గద్వాల నెత్తి అవ్వా, పడ్తదా?"

ఇంతవరకు ఎవరైనా నమ్ముతారు. ఈదమ్మ నమ్మింది కూడా, ఆమె మూడు బిందెలు మోసిన మనిషి.

"అదేం లెక్క గాదు. మర్నాడు కాలేజీకి వోతుంటే గాలి లేసింది. మన ఆషాఢం గాలి దాని ముందట ఇసనకర్ర. గుట్ట లేదు, బోడు లేదు, సముద్రం కాడికెళ్ళి సక్కగ వొచ్చి మొకానికి కొడ్తది. గంటన్నర తొక్కిన, సైకిలు ఉన్నకాడనే ఉంది. ఇగ ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గాలి మర్లింది! ఎనక నుంచి తోసింది సూడు, బ్రేకు వట్టేలోపల బెల్జియం వొచ్చింది."

"అది ఏ మండలం?" అంది ఈదమ్మ.

"మండలం గాదవ్వా, దేశం! ఒక దేశమే దాటిపోయిన. ఆగుదామంటే ఆగుతలేదు, ఫ్రాన్స్ వొచ్చింది. పాస్‌పోర్టు పండ్ల నడుమ కరిసి పోలీసోళ్ళకు సూపిచ్చుకుంట పోయిన. ఆల్ప్స్ గుట్టలు అడ్డమొచ్చి ఆపినయ్ గానీ, లేకుంటే పొద్దుమూకేటాళ్ళకు బీచుపల్లి అంజన్న గుడి కాడ దిగుతుంటి."

ప్రేమలత చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. హెప్సిబా నలభై కిలోలు కూడా తూగదు. ఎండాకాలం సుడిగాలికే చున్నీ పట్టుకుని గోడకు అతుక్కునే పిల్ల.

"మరి తిండి, నాయనా?"

"తిండి కాడనే అసలు పరేషాన్. రూము మిద్దెకు పొగ కనిపెట్టే డబ్బా ఉంటది. నేను పప్పుకు పోపు వెట్టిన, ఎండుమిర్చి మాడింది, డబ్బా మొత్తుకుంది. మూడు ఫైరింజన్లు! ఇరవై మంది తలుపు వగలగొట్టుకొని లోపటికొచ్చిండ్రు."

"ఇరవై మంది మగోళ్ళా?" ప్రేమలత పక్కనున్న కూతురిని దగ్గరకు లాక్కుంది.

"ఒక్కొక్కడు తాటిచెట్టంత. పైపు తిప్పబోయిండ్రు, పోపు వాసన తగిలింది, ఆగిండ్రు. జర తినుండ్రి అన్న, తిన్నరు. మర్నాడు పన్నెండింటికి మల్ల వొచ్చిండ్రు. మంట లేదు మన్ను లేదు, చేతులు కడుక్కొని కూసున్నరు! ఇగ రోజు గదే పని. ఊర్ల అగ్గంటుకుంటే ఆర్పెటోడు లేడని ఆఖర్కి ఫైర్ స్టేషన్నే నా గల్లీలకు మార్చిండ్రు."

ఆడవాళ్లు నోరు తెరిచి వింటున్నారు. హెప్సిబా తల్లి చెవి దగ్గరకు వంగింది.

"అమ్మా, మధన్న కోతలు కోస్తుండు."

"నోర్ముయ్! ఆయన కండ్లార సూసొచ్చినోడు," అని కసిరింది ప్రేమలత. భయం పట్టినవాళ్లకు భయపెట్టేవాడి మాటే వేదం, ఆమె తప్పేం లేదు.

"చలికాలం సంగతైతే చెప్పనే వద్దు," అన్నాడు మధు, చెప్పడానికే. "కాల్వలన్ని గడ్డగడ్తయి. సైకిల్ కరాబైతే నేను కాల్వ నీళ్ళ మీదికెళ్ళి నడుసుకుంట కాలేజీకి వోయిన."

"నీళ్ళ మీదనా?" ప్రేమలత గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆమెకు తెలిసి నీళ్ల మీద నడిచినవాడు ఒక్కడే, ఆయన సంగతి ప్రతి ఆదివారం చర్చిలో వింటుంది.

"నడుసుడేందక్కా, ఉరికిన! ఆగితే మనిషి గడ్డగడ్తడు. నా దోస్తు ఒకడు ఆగిండు, చెవు టక్కున ఊడి కింద వడ్డది. జేబుల వేసుకొని దవాఖానకు ఉరికిన, అతికిచ్చిండ్రు. గాని తొందర్ల ఉల్టా అతికిచ్చిండ్రు. ఇప్పటికి వానికి ఎవలన్న ముందట పిలుస్తే ఎనకకు తిరుగుతడు."

చెవులు ఊడే చోటికి కన్నబిడ్డను ఎట్లా పంపడం? "ఇగ వద్దు బిడ్డా" అనే మాట ప్రేమలత నాలుక చివరికి వచ్చేసింది. హెప్సిబాకు అది తల్లి ముఖంలోనే కనబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధు అక్కడితో లేచి పోయి ఉంటే ఆ పిల్ల చదువు ఆ గడప దగ్గరే ఆగిపోయేది. కానీ పదిమంది నోరు మెదపకుండా వింటుంటే ఏ కోతలరాయుడు లేస్తాడు?

"ఇవన్ని ఒకెత్తు. మా యూనివర్సిటీల పన్నెండు కిలోమీటర్ల అద్దాల ఇల్లుంది, లోపల మన పత్తే పెట్టిండ్రు. పువ్వులద్దే మిషన్ కరాబైంది. ప్రొఫెసర్లు నెత్తి వట్టుకొని ఏడుస్తుండ్రు. జరుగుండ్రి సార్, నేను సీడుపత్తి రైతు కొడుకును అన్న. పొద్దుగాల ఎనిమిదింటికి దిగిన. పువ్వులన్ని మంచిగ ఇచ్చుకొని ఉన్నయ్. ఈ చేత్తోని ఒకటి, ఆ చేత్తోని ఒకటి, పువ్వుకు పువ్వు రుద్దుకుంట వోయిన. పన్నెండు గొట్టేవరకు నలభై వేల పువ్వులు! ఆ దేశం మంత్రి వొచ్చి చెయ్యి కలిపిండు."

ఎవరూ ఔరా అనలేదు. పదిమంది చేతులూ సద్దిడబ్బాల్లో ఆగిపోయాయి. ప్రేమలత మెల్లగా తలెత్తింది.

"ముందురోజు పొద్దుమూకి ఎవలు గిల్లిండ్రు?"

"ఏం గిల్లుడు?"

"మొగ్గలు."

"మొగ్గలెందుకు గిల్లుడక్కా? నేను ఇచ్చుకున్న పువ్వులనే అద్దిన."

"ఓ యేసయ్యా!" అంది ప్రేమలత. "ఆడచెట్టు మొగ్గను ముందురోజు సాయంత్రమే గిల్లి, లోపటి పుప్పొడి తీసెయ్యాలె. తియ్యకుంటే అది దానంతటదే కాయ గడ్తది. ఇచ్చుకున్నంక నువ్వు రుద్దినా ఒకటే, రుద్దకున్నా ఒకటే. నలభై వేల పువ్వులు నాశనం జేసినోనికి మంత్రి చెయ్యిచ్చిండా?"

"నేనైతే ఒక్క పువ్వుకే ఇంటికి తోలుత," అంది ఈదమ్మ.

మోటరు గది గోడలు అదిరేలా నవ్వారు. మధు ముఖం వాడిపోయింది. ప్రేమలత మాత్రం నవ్వలేదు, ఆమెకు ఒళ్లు మండింది.

"గింతసేపు నన్ను సంపినవ్ గదా నాయనా! రేపు పిల్లను పంపాల్నా వద్దా అని నా పానం కొట్టుకుంటుంటే నీకు ఆటయిందా? ఇప్పుడన్న నిజం జెప్పు. గక్కడ నువ్వు ఏం జేస్తవ్?"

మధు హెప్సిబా వైపు చూశాడు. నెల తిరిగితే ఆ పిల్ల ఎట్లాగూ కళ్లారా చూస్తుంది.

"చదువుత అక్కా. చలికి స్వెటరేసుకుంట. సాయంత్రం హోటల్ల గిన్నెలు కడుగుత. మా నాయనకు చెప్పకుండ్రి."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. అనంతయ్య ఇంట్లో మధు తిన్న పళ్లెంలోనే చెయ్యి కడుక్కుని లేవడం వాళ్లందరూ చూసిందే. ఆ ఇంటి గిన్నెలు పెరట్లో పదేళ్లు తోమింది ప్రేమలతే.

"ఎవలియి కడుగుతవ్?" అంది ఆమె. గొంతులో కోపం లేదు.

"ఎవలియైనా. వొచ్చినోళ్ళందరియి."

"తక్కువ జూడరా?"

"లేదక్కా. ఎవలు జూడరు. మా ప్రొఫెసరు బిడ్డ గూడ నా పక్కనే నిలవడి కడుగుతది."

ఇది కోత కాదని అందరికీ తెలిసిపోయింది, అంత చిన్న గొంతుతో మధు ఎప్పుడూ మాట్లాడలేదు. ప్రేమలత ముద్ద డబ్బాలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, కూతురి వైపు తిరిగింది.

"అనంతయ్య కొడుకు అందరి గిన్నెలు కడుగుతడంట గక్కడ. గసొంటి దేశం నువ్వు సూడాలె బిడ్డా. పొద్దుగాల బస్సు ఎన్ని గంటలకు?"