బొమ్మ చెంప మీద ఎరుపు

బొమ్మని రవ్వంత కదిపి, ఒక్కో ఫొటో తీసి సినిమాగా కూర్చే గది అది. భార్య కంప్యూటర్ ముందుంది, భర్త లైట్ల దగ్గరున్నాడు.

“ఏమండీ, చెంప మీద ఈ ఎరుపేంటి?”

“సాయంత్రపు వెలుగు. నేనే పెట్టా.”

“సాయంత్రం పన్నెండు ఫొటోల్లోనే వచ్చి పోయిందా? ఎవరో ఎర్రబట్టలతో మీ పక్కన నిలబడ్డారు. ఆ రంగే పడింది.”

“కొత్త పెయింటరమ్మాయిలే. పని చూస్తానంది. ఒక్క నిమిషం ఉందేమో.”

“ఒక్కో ఫొటోకి మీకు ఐదు నిమిషాలు. అంటే గంటసేపు ఉంది.”

“గోరంతని కొండంత చెయ్యకు. మళ్లీ తీస్తాలే.”

“ఎనిమిదేళ్లుగా నన్నీ గదిలోకి నల్లబట్టల్లోనే రమ్మంటున్నారు.”

“రంగుబట్టలైతే వెలుతురు పాడవుతుందనే కదా.”

“మరి ఆ అమ్మాయికి చెప్పలేదేం?”